మూడు కిలోల తరుగు

స్కార్వ్‌నెస్‌లో డిసెంబరుకి పొద్దు పొడవదు.
ఉదయం ఎనిమిదింటికి కాల్.
కిటికీ బయట రేవు దీపాలు, వాటి కింద నల్లటి నీళ్ళు.
తెర మీద డానాంగ్. అక్కడ మధ్యాహ్నం రెండు,
ఖ్వే వెనకాల ఫ్యాను తిరుగుతుంటుంది,
ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

మాది చేపల రేవు సహకార సంఘం.
ముప్పై ఆరేళ్ళ పాత ప్రోగ్రాం ఒకటి
పడవ దిగిన ప్రతి టబ్బునీ తూచి, ధర కట్టి, చీటీ కొడుతుంది.
రాసినవాడికి పళ్ళు ఊడాయి, దానికి ఊడలేదు.
దాన్ని పెకలించి కొత్తది నాటమని
పద్నాలుగు నెలల గడువుతో డానాంగ్ వాళ్ళకిచ్చాం.
నడుమ నేను.

మొదటి ఆరు నెలలూ వాళ్ళేమీ అడగలేదు.
అన్నిటికీ "సరే".
ఆ సరేలో ఎన్ని రకాలున్నాయో తెలిసేసరికి
రెండు గడువులు దాటిపోయాయి.
విన్నామని ఒక సరే. అర్థం కాలేదని ఒక సరే.
జరగదు గానీ మీ మొహం మీద ఎలా చెప్తామని ఇంకో సరే.
నేను మాత్రం తక్కువ తిన్నానా,
"చూద్దాం" అని ఎన్నిసార్లన్నానో, ఏదీ చూడకుండా.

అక్టోబరులో వాళ్ళకి తుఫాను.
మూడు రోజులు తెర మీద ఎవరూ లేరు.
నాలుగో రోజు ఖ్వే ఒక్కతే, తడిసిన గోడ ముందు కూర్చుని,
మొదటిసారి సరే కాకుండా ఒక ప్రశ్న వేసింది.
"పడమటి గట్టున దిగిన ప్రతి టబ్బుకీ
పాత ప్రోగ్రాం మూడు కిలోలు తీసేస్తోంది. ఎందుకు?"

తరుగు.
నాలుగు వందల పేజీల స్పెసిఫికేషన్‌లో ఎక్కడా లేదు.
అకౌంట్స్‌లో అడిగితే, ఎప్పుడూ ఉన్నదేగా అన్నారు.

ఐలిఫ్ ఇంటికి వెళ్ళాను, అది రాసినాయన దగ్గరికి.
బూట్లకి గ్రీజు రాసుకుంటున్నాడు.
పెద్దగా ఆలోచించలేదు.
"ఆ గట్టు కాటా గాలికి ఎదురుగా ఉండేది.
రాత్రికి రాత్రి పళ్ళెం మీద మంచు గడ్డకట్టేది.
మూడు కిలోలు, అటూ ఇటూగా.
రోజూ గీకే ఓపిక ఎవరికుంది? ప్రోగ్రాంలో గీకేశాను."
నవ్వాడు.
ఆ కాటా తీసేసి పందొమ్మిదేళ్ళయింది అన్నాను.
గ్రీజు డబ్బా మూత కోసం వెతుక్కున్నాడు.
చేతిలోనే ఉంది.

లేని మంచుకి తరుగు.
పందొమ్మిది చలికాలాలు.
పడమటి గట్టుకి వచ్చేవి చిన్న పడవలే,
అస్లాక్‌ది, గున్‌వోర్ అక్కాచెల్లెళ్ళది, ఇంకో ఏడెనిమిది.
టబ్బుకి మూడు కిలోలు. లెక్క మొదలుపెట్టి
కాలిక్యులేటర్ బోర్లించేశాను.

బోర్డు మాట సూటిగా ఉంది.
ఒప్పందం, అనుబంధం నాలుగు.
కొత్త మొత్తం పాత మొత్తంతో చిల్లరతో సహా సరిపోవాలి.
సరిపోతేనే సంతకం. సంతకమైతేనే డానాంగ్‌కి చివరి వాయిదా.
అంటే తప్పుని తప్పిపోకుండా తరలించాలి,
అద్దాల బీరువా మోసినట్టు, చిన్న బీట కూడా పడకుండా.

తూకం సరిదిద్దితే పరీక్ష తప్పుతుంది.
ఖ్వేకి అంతా చెప్పాను.
ఉంచమనలేదు, తీసేయమనీ అనలేదు.
ఆమె "సరే" అంది.
ఇది ఏ రకమో నాకు తెలియలేదు.

మార్చే రాత్రి ఇరవై రెండు లక్షల చీటీలు
ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి.
కాఫీ మరిగి మరిగి చేదెక్కింది.
తెల్లవారుజామున, ఇక్కడ తెల్లవారేదేం లేదు,
గడియారం చెప్పింది కాబట్టి తెల్లవారుజామున,
పరీక్షల జాబితా వచ్చింది.
పైనుంచి కిందికి పచ్చ, పచ్చ, పచ్చ,
పడమటి గట్టు దగ్గర ఒక్క ఎర్ర గీత.
పక్కన ఖ్వే రాసిన ముక్క:
"మంచు లేదు. కాబట్టి తీయలేదు."

తన జీతం ఆ గీత అవతలే ఉందని తెలిసే రాసింది.

ఎరుపుని పచ్చ చేసే బొత్తాం నా దగ్గరుంది.
బోర్డు పదింటికి.
కిటికీ కింద అస్లాక్ పడవ కట్టేసి
మొదటి టబ్బు కాటా మీద పెట్టాడు.
అంకె నిలబడేదాకా
నేనూ ఆగాను.